రూటర్‌కు ఐదు నిమిషాల గడువు

2021 అక్టోబర్ 4 రాత్రి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇంకో రెండ్రోజుల్లో ఎంగిలిపూల బతుకమ్మ. ఆడపడుచులు పుట్టింటికి ఎప్పుడు బయల్దేరుతున్నారో వాట్సాప్‌లో మాట్లాడుకునే వేళ. రాత్రి తొమ్మిది దాటాక మెసేజ్ పక్కన గడియారం బొమ్మ పడి, ఎంతసేపటికీ కదల్లేదు. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసినవాళ్లున్నారు. రీచార్జి అయిపోయిందేమో చూసుకున్నవాళ్లున్నారు. ఇంటర్నెట్ పెట్టించిన కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి తిట్టినవాళ్లూ ఉన్నారు. పాపం, అతని తప్పేమీ లేదు. వరంగల్‌లోనే కాదు, భూమ్మీద ఎక్కడా వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పనిచేయలేదు.

ఎవరో హ్యాక్ చేశారని పుకార్లు లేచాయి. ఆ మర్నాడు కంపెనీ చెప్పిన కారణం వేరు. వాళ్ల డేటా సెంటర్లను కలిపే సొంత నెట్‌వర్క్‌లో మామూలు మరమ్మతు జరుగుతోంది. సామర్థ్యం ఎంతుందో చూద్దామని ఒక కమాండ్ ఇచ్చారు. ఆ కమాండ్ మొత్తం లింకులన్నిటినీ తెంచేసింది. ఇలాంటివి పొరపాటున వెళ్లకుండా ఆపడానికి ఒక తనిఖీ ప్రోగ్రాం ఉంది. దాంట్లోనూ లోపముండి, ఆపలేదు. డేటా సెంటర్లతో సంబంధం తెగిపోయిందని గమనించిన డీఎన్‌ఎస్ సర్వర్లు, 'మా దగ్గరికి దారి ఇదీ' అని ప్రపంచానికి చేసే ప్రకటనను తమంతట తామే వెనక్కి తీసుకున్నాయి. ఇంకేముంది, ఫేస్‌బుక్ అనే ఊరికి దారి చూపే బోర్డులు ఇంటర్నెట్‌లో లేకుండా పోయాయి.

సరే, తప్పు కమాండ్ పడింది, వెనక్కి తీసుకోవచ్చు కదా? అసలు చిక్కు అక్కడే. వెనక్కి తీసుకోవాలంటే ఇంజినీర్లు ఆ యంత్రాల్లోకి లాగిన్ కావాలి. లాగిన్ కావాలంటే నెట్‌వర్క్ ఉండాలి. తెగిపోయింది ఆ నెట్‌వర్కే. చివరికి మనుషుల్ని డేటా సెంటర్లకు పంపాల్సి వచ్చింది. ఆ సెంటర్లకు పటిష్ఠమైన కాపలా పెట్టుకున్నారు కాబట్టి సొంత మనుషులు లోపలికి వెళ్లడానికీ టైము పట్టింది. ఆరు గంటల పైచిలుకు గడిచాక, మన దగ్గర తెల్లవారుజామున, మెసేజ్‌లు కదిలాయి.

కూర్చున్న కొమ్మను నరుక్కోవడం మన పెద్దలు ఎప్పుడో చెప్పిన మాట. నెట్‌వర్క్ నడిపేవాళ్లకు మాత్రం అది రోజువారీ ఉద్యోగ ప్రమాదం. ఏ దారిని సరిచేస్తున్నారో, ఆ దారి మీదే నిలబడి సరిచేయాలి. దీనికి ఫేస్‌బుక్ అంత పెద్ద సంస్థ అక్కర్లేదు. మన హనుమకొండలో కేబుల్ టీవీ నుంచి ఇంటర్నెట్‌లోకి వచ్చిన చిన్న ఆపరేటర్ ఆఫీసులోనూ అదే కథ. ఈ వారం దాని గురించే: ఇంటర్నెట్ దారులు చూపించే 'రూటింగ్ డీమన్' అనే ప్రోగ్రాం, దానికి కమాండ్లిచ్చే నల్ల తెర, ఆ తెరలో దాగున్న ఒక మంచి అలవాటు.

డీమన్ అనగానే దెయ్యం గుర్తొస్తే తప్పు మీది కాదు. 1960లలో అమెరికాలోని ఎంఐటీలో కంప్యూటర్లతో పనిచేసినవాళ్లు ఆ పేరు పెట్టారు. భౌతిక శాస్త్రంలో మాక్స్‌వెల్ ఊహించిన భూతం ఒకటుంది. రెండు గదుల మధ్య చిన్న తలుపు దగ్గర కూర్చుని, ఏ అణువును ఏ పక్కకు వదలాలో చూసుకుంటూ ఉంటుంది. అలా ఎవరికీ కనిపించకుండా తెర వెనక పని చేసుకుపోయే ప్రోగ్రాములకు దాని పేరే ఖాయమైంది.

మన ప్రాంతం వాళ్లకైతే అంతకంటే దగ్గరి పోలిక నీరటికాడు. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల సంగతి తెలిసిందే. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండుతుంది. ఏ తూము ఎప్పుడు లేపాలి, ఏ కాలువకు ఎంత వదలాలి అనేది నీరటికాడి పని. అతను నీళ్లు మోయడు. నీళ్లు మోసేది కాలువ. రూటర్‌లోనూ అంతే. సమాచారాన్ని నిజంగా అటూ ఇటూ పంపేది ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి భాగం, కెర్నల్. డీమన్ చేసేదల్లా పక్క నెట్‌వర్కుల్లోని డీమన్లతో మాట్లాడుతూ, 'ఫలానా ఊరికి నా మీదుగా పోవచ్చు' అని అవి చెప్పేది వింటూ, వాటిలో మంచి దారిని ఎంచి కెర్నల్ దగ్గరున్న పట్టికలో రాయడం. ఈ పలకరింపుల భాష పేరు బీజీపీ. 1989 నుంచి ఉంది. ఇవాళ ఇంటర్నెట్ మొత్తానికి దారులు రాసుకుంటే ఆ పట్టికలో పాత తరహా అడ్రసులవే సుమారు 10 లక్షల వరుసలుంటాయి.

ఈ భాషలో పెద్ద బలహీనత ఒకటుంది. పక్కవాడు చెప్పింది నమ్మడం దాని స్వభావం. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపాలనుకుంది. యూట్యూబ్‌కు తామే దారి అన్నట్టు ఒక ప్రకటన లోపల పెట్టుకుంది. అది బయటికి పొక్కింది. పై నెట్‌వర్క్ దాన్ని వడపోయకుండా ముందుకు పంపింది. రెండు గంటలపాటు ప్రపంచంలో చాలా చోట్ల యూట్యూబ్ కోసం వెళ్లినవాళ్లు పాకిస్తాన్ గోడకు తగిలారు. ఇస్లామాబాద్‌లో కొట్టిన లైనైనా, హనుమకొండలో కొట్టిన లైనైనా ఎంత దూరం పోతుందో ముందే చెప్పలేం.

ఇలాంటి డీమన్లలో చిన్న, మధ్య తరహా ఆపరేటర్లు ఇష్టపడేది బర్డ్. ప్రాగ్ నగరంలోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ప్రాజెక్టుగా 1990ల చివర్లో మొదలైంది. ఇప్పుడు చెక్ దేశపు డొమైన్ పేర్లు చూసుకునే సంస్థ దాన్ని పోషిస్తోంది. ఉచితం. మామూలు లైనక్స్ మిషన్ మీద నడుస్తుంది. ఐరోపాలోని పెద్ద పెద్ద ఇంటర్నెట్ ఎక్స్ఛేంజీల్లో కూడా ఇదే కూర్చుని ఉంటుంది. దీనికి పోటీ ఎఫ్‌ఆర్‌ఆర్ అనే ఇంకోటి. దాని వంశవృక్షం సరదాగా ఉంటుంది. 1996లో జపాన్ ఇంజినీర్ కునిహిరో ఇషిగురో జీబ్రా అని మొదలుపెట్టాడు. దాంట్లోంచి క్వాగా వచ్చింది. క్వాగా అంటే దక్షిణాఫ్రికాలో అంతరించిపోయిన ఒక జీబ్రా రకం. ప్రాజెక్టుకు అంతరించిన జంతువు పేరు పెట్టుకుంటే ఏమవుతుందో అదే అయింది. పని నెమ్మదించింది, విసిగినవాళ్లు 2017లో ఎఫ్‌ఆర్‌ఆర్ పేరుతో వేరు కాపురం పెట్టారు.

బర్డ్‌తో మాట్లాడే ప్రోగ్రాం పేరు బర్డ్‌సీ. దాన్ని ఎలా వాడతారో చూద్దామని హనుమకొండలో ఒక ఆపరేటర్ దగ్గర పనిచేసే కుర్రాడి పక్కన ఒక సాయంత్రం కూర్చున్నాను. పాలిటెక్నిక్ చదివాడు, నెట్‌వర్క్ అంతా అతని చేతి మీదే. గదిలో ఒక ర్యాక్, ఒక ఏసీ, మూల కుర్చీలో చాయ్ గ్లాసులు.

"ఇది పొద్దుగాల లేవంగనే చూసేది సార్" అంటూ 'షో ప్రోటోకాల్స్' అని కొట్టాడు. (కమాండ్లన్నీ టైపు చేసేది ఇంగ్లిష్‌లోనే, ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను.) నాలుగైదు వరుసలు వచ్చాయి. పై నుంచి ఇంటర్నెట్ ఇచ్చే రెండు కంపెనీలకు ఎదురుగా 'ఎస్టాబ్లిష్డ్' అని ఉంది.

"గిట్ల ఉన్నదంటే చాయ్ తాగొచ్చు. యాక్టివ్ అని కనపడ్డదనుకోండి, పని పడ్డట్టే."

యాక్టివ్ అంటే బాగున్నట్టు కదా అన్నాను. నవ్వాడు. బీజీపీలో యాక్టివ్ అంటే పక్కవాడితో మాట కలపడానికి ఇంకా ప్రయత్నిస్తున్నానని అర్థం. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ ఈ మాట దగ్గర ఒకసారి పడతారట. ఇంజినీర్లు పేర్లు పెట్టే తీరు మీద నాకు ఎప్పటినుంచో ఉన్న అభిప్రాయం ఇంకాస్త గట్టిపడింది.

ఇక అసలు పని. బర్డ్‌లో నియమాలన్నీ ఒక ఫైలులో ఉంటాయి. ఎవరి ప్రకటన వినాలి, ఎవరికి ఏం చెప్పాలి, ఏది వడపోయాలి, అన్నీ అందులోనే. ఫైలు మార్చగానే ఏమీ జరగదు. డీమన్ నడుస్తున్నది పాత నియమాలతోనే. బర్డ్‌సీలోకి వెళ్లి 'కాన్ఫిగర్' అంటే అప్పుడు కొత్త ఫైలు చదువుతుంది. నీరటికాడికి కొత్త చీటీ రాసి పెట్టుకోవడం వేరు, వెళ్లి చదివి వినిపించడం వేరు. ఈ రెంటి మధ్య ఉన్న ఎడమే బర్డ్‌లో నాకు నచ్చిన సంగతి. ఎఫ్‌ఆర్‌ఆర్‌లో అలా కాదు. దాని వీటీవైషెల్‌లో మామూలుగా పనిచేస్తుంటే, ఒక్కో లైనుకు ఎంటర్ నొక్కిన క్షణమే ఆ మార్పు అమల్లోకి వచ్చేస్తుంది.

బర్డ్‌లో ముందు 'కాన్ఫిగర్ చెక్' అనొచ్చు. ఫైలు చదివి, వ్యాకరణం తప్పులుంటే చెబుతుంది, అమలు చేయదు. సెమీకోలన్ మర్చిపోతే ఇక్కడే దొరికిపోతుంది. కానీ వ్యాకరణం సరిగ్గా ఉండి, అర్థం తప్పుగా ఉన్న చీటీని ఏ చెక్కూ పట్టలేదు. 'అన్ని దారులూ వదులు' అని రాయబోయి 'అన్ని దారులూ మూసెయ్' అని రాస్తే బర్డ్ దృష్టిలో అది చక్కని వాక్యం.

అందుకే 'కాన్ఫిగర్ టైమవుట్'. ఇది కొడితే కొత్త నియమాలు వెంటనే అమల్లోకి వస్తాయి, కానీ గడువు మీద. మామూలుగా 300 సెకన్లు. కావాలంటే అంకె మార్చుకోవచ్చు. ఆలోపు మీరు తిరిగి వచ్చి 'కాన్ఫిగర్ కన్ఫర్మ్' అనాలి. అనకపోతే, డీమన్ తనంతట తానే పాత నియమాలకు వెళ్లిపోతుంది. మీ దారి మీరే తెంచుకున్నారనుకోండి. కన్ఫర్మ్ కొట్టలేరు కదా. కొట్టలేకపోవడమే ఇక్కడ సమాధానం. ఐదు నిమిషాలు గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంటే పాత దారి మళ్లీ వస్తుంది, మళ్లీ లాగిన్ అవుతారు.

మౌనం అర్ధాంగీకారం అని మన దగ్గర సామెత. ఈ కమాండ్ రాసినవాళ్లు దాన్ని తిరగేశారు. మౌనాన్ని కాదనడం కింద లెక్కేశారు. నెట్‌వర్క్ పనిలో అదే సరైన లెక్క.

ఆలోచన బర్డ్‌తో పుట్టింది కాదు. జునిపర్ రూటర్లలో 'కమిట్ కన్ఫర్మ్‌డ్' అని ఇలాంటిదే ఉంది, అక్కడ గడువు పది నిమిషాలు. సిస్కో పాత రూటర్లలో ఇలాంటి సదుపాయం లేని రోజుల్లో సీనియర్లు ఒక నాటు పద్ధతి పట్టారు. మార్పు మొదలుపెట్టే ముందు 'రీలోడ్ ఇన్ 10' అని కొట్టేవాళ్లు. పది నిమిషాల్లో రూటర్ రీస్టార్ట్ అవుతుందని అర్థం. మార్పును సేవ్ చేయకుండా ఉంచుతారు కాబట్టి, రీస్టార్ట్ అయితే పాతదే వస్తుంది. పని బాగా జరిగితే 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టి, అప్పుడు సేవ్ చేసేవాళ్లు. క్యాన్సిల్ చేయడం మర్చిపోతే బాగా నడుస్తున్న రూటర్ కళ్లముందే పడుకుంటుంది. అయినా, చేతిలో ఏమీ లేనిచోట అదే దిక్కు.

మన కుర్రాడు ఈ అలవాటు ఎలా నేర్చుకున్నాడో చెప్పాడు. చేరిన కొత్తలో రాత్రి రెండు గంటలకు కాజీపేటలో ఇంటి నుంచి ఒక ఫిల్టర్ మార్చాడు. ఇంటి కనెక్షన్ కూడా తన కంపెనీదే. తెర బిగుసుకుపోయింది. బండేసుకుని హనుమకొండ వచ్చాడు. గది తాళం ఓనర్ దగ్గర. ఆయన ఫోన్ సైలెంట్. "కాజీపేట, హనుమకొండ అంత మొత్తం బందు. నేను ఒక్కన్నే గేటు ముంగట నిలబడ్డ" అన్నాడు. హైదరాబాద్ వెళ్లకుండా ఇంట్లోంచి అమెరికా షిఫ్టు చేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు ఇప్పుడు మన కాలనీల్లో ఎంతమంది ఉన్నారో తెలిసిందే. రాత్రి రెండు అంటే అందరూ నిద్రపోయే టైము అనే లెక్క వాళ్ల విషయంలో చెల్లదు. అప్పటినుంచి గడువు పెట్టకుండా ఎంటర్ నొక్కడట.

గడువు పెట్టినంత మాత్రాన అయిపోలేదు. ఐదు నిమిషాల్లో ఏం చూస్తారనేది ముఖ్యం. నా తెర కదులుతోంది కదా అని కన్ఫర్మ్ కొట్టేవాళ్లు ఎక్కువ. మీరు కూర్చున్నది ఆఫీసు లోపలైతే, బయట కస్టమర్లకు తెగిపోయినా మీ తెర హాయిగా కదులుతూనే ఉంటుంది. ఇతను మూడు చూస్తాడు. 'షో ప్రోటోకాల్స్'లో ఇద్దరూ ఎస్టాబ్లిష్డ్‌గా ఉన్నారా. 'షో రూట్ కౌంట్'లో వచ్చే అంకె, మార్పుకు ముందు కాగితం మీద రాసుకున్న అంకెకు దగ్గరగా ఉందా. మూడోది, వైఫై కట్టేసి, వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ నుంచి తమ నెట్‌వర్క్‌లోని ఒక పేజీ తెరుచుకుంటోందా. ఈ మూడోదాన్నే చాలామంది ఎగ్గొడతారు, బయటివాళ్లకు మనం ఎలా కనిపిస్తున్నామో చెప్పేది అదొక్కటే.

కొత్తగా వచ్చిన అసిస్టెంట్‌కు మాత్రం అతను బర్డ్‌సీని 'మైనస్ ఆర్' తగిలించి ఇస్తాడు. అప్పుడు చూడ్డానికే వీలుంటుంది, మార్చడానికి ఉండదు. అసలు బర్డ్‌సీలో 'డౌన్' అనే నాలుగక్షరాల ఇంగ్లిష్ ముక్క కొడితే డీమన్ మొత్తం ఆగిపోతుంది. అంత పదునైన కత్తిని మొదటి రోజే చేతికివ్వడం ఎందుకు?

ఈ గడువు పద్ధతి అన్ని రోగాలకూ మందు కాదు. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ కంపెనీ నెట్‌వర్క్ కుప్పకూలింది. టొరంటో, బ్రాంప్టన్ వైపు మనవాళ్లు ఎవరైనా ఉంటే అడిగి చూడండి, డెబిట్ కార్డు పనిచేయక పచారీ కొట్టు నుంచి ఖాళీ చేతులతో వచ్చిన కథలు చెబుతారు. కోటీ ఇరవై లక్షల మందికి పైగా కస్టమర్లు. అత్యవసర నంబరు 911కు కూడా చాలామందికి ఫోన్ కలవలేదు. అప్‌గ్రేడ్‌లో భాగంగా దారులను వడపోసే ఒక ఫిల్టర్ తీసేశారు. లక్షల దారులు ఒక్కసారిగా నడిమి రూటర్ల మీద పడ్డాయి. మత్తడి లేని చెరువు మీద వాన పడ్డట్టు, మోయలేక అవి పడిపోయాయి. గడువు చూసి వెనక్కి తిప్పాల్సిన డీమనే స్పృహ తప్పితే గడువు ఎవరు చూస్తారు? పైగా ఆ రూటర్లను సరిచేసే దారి కూడా ఆ రూటర్ల మీదుగానే ఉంది. ఉద్యోగుల ఫోన్లూ అదే కంపెనీవి. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వేరే కంపెనీల సిమ్‌లు వెతుక్కోవాల్సి వచ్చింది.

అందువల్ల రెండో దారి ఒకటి ఉండాలి. హనుమకొండ గదిలోని ర్యాక్ మూలన వేరే కంపెనీ సిమ్ వేసిన చిన్న 4జీ డబ్బా ఉంది. నెలకు రీచార్జి ఖర్చు తప్ప దానికి పనేమీ లేదు. ఓనర్‌కు మొదట అది దండగ ఖర్చనిపించిందట. 2023 జులై చివరి వారం వానల తర్వాత మళ్లీ ఆ మాట అనలేదు. ఆ వాన మనకు తెలిసిందే. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది. నయీంనగర్ నాలా పొంగి హనుమకొండ కాలనీలు నీళ్లలో మునిగాయి. అలాంటి రోజు దారి తెగితే బండేసుకుని గది దాకా పోవడమన్నది మాటే లేదు. మరి ఇంటర్నెట్ అవసరం అందరికంటే ఎక్కువ ఉండేది కూడా ఆ రోజే. మేడ మీద చిక్కుకున్నవాళ్లు లొకేషన్ పంపేది దాని మీదే.

చివరగా, బర్డ్ వాడే ఆపరేటర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, చాలామంది గమనించని ఒక మెలిక. గడువు తీరి పాత నియమాలు వెనక్కి వచ్చాయంటే, వచ్చింది డీమన్ జ్ఞాపకంలోకి మాత్రమే. డిస్కు మీద మీరు రాసిన తప్పు ఫైలు అలాగే ఉంటుంది. 'కాన్ఫిగర్ అన్‌డూ' కొట్టినా అంతే, అదీ ఒక్క అడుగు మాత్రమే వెనక్కి వేస్తుంది. ప్రాణం కుదుటపడింది కదా అని పడుకుంటారు. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తుంది, కరెంటు పోతుంది, యూపీఎస్ బ్యాటరీ చేతులెత్తేస్తుంది. కరెంటు వచ్చి మిషన్ లేచినప్పుడు డీమన్ చదివేది ఆ తప్పు ఫైలునే. ఈసారి గడువేమీ ఉండదు. కుర్రాడు ఫైలు ముట్టుకునే ముందు దాని నకలు తీసి, పేరు చివర తేదీ తగిలించి పెట్టుకుంటాడు. వెనక్కి రావాల్సి వస్తే నిద్రకు ముందే ఆ నకలును అసలు పేరుతో తిరిగి పెట్టి, 'కాన్ఫిగర్ చెక్' కొట్టి, అప్పుడు గదికి తాళం వేస్తాడు. ఇప్పుడు తాళం చెవి ఒకటి అతని దగ్గరా ఉంది.